చార్మినార్ ఎక్కకపోతే కొంపలేం మునగవు

పోయిన సంచికలో హైదరాబాద్ పాత కట్టడాల గురించి రెండు ముక్కలు రాశాను. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నింటికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి నలుగురివి తీసుకున్నాను.

*"మా మామయ్యను మోకాళ్ళ నొప్పులకు హైదరాబాద్‌లో డాక్టరుకు చూపించాలి. మంగళవారం చెకప్ అయిపోతే బుధ, గురువారాలు ఖాళీ. పిల్లలిద్దరూ ఐదు, ఎనిమిది తరగతులు. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, చౌమహల్లా, బిర్లా మందిరం, ట్యాంక్‌బండ్ అని లిస్టు రాసి ఫ్రిజ్‌కు అంటించుకున్నారు. రెండు రోజుల్లో అవుతుందా?"*
— ఒక గృహిణి, కర్నూలు

అవుతుందమ్మా. ఆటో దిగడం, ఫోటో దిగడం, మళ్ళీ ఆటో ఎక్కడం అయితే ఒక్క రోజులోనే అవుతుంది. ఇంటికొచ్చాక ఏం చూశారని అడిగితే పిల్లలు ఐస్‌క్రీం సంగతి చెప్తారు. ఆ లిస్టులో సగం కొట్టేయండి, తిట్టుకున్నా ఫర్వాలేదు.

బుధవారం పొద్దున్నే గోల్కొండ. ఎండ ముదిరాక ఆ మెట్లు ఎక్కడం ఎంత కష్టమో మన కర్నూలు వాళ్ళకు వేరే చెప్పాలా? పైకి మూడు వందల అరవై దాకా మెట్లుంటాయి, మామయ్యకు వద్దే వద్దు. పిల్లలను మీ ఆయనతో పంపండి. లోపలికి పోగానే వచ్చే గుమ్మటం కింద ఒకరు నిలబడి చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో ఉన్నవాళ్ళకు వినిపిస్తుంది. శత్రువు వచ్చాడని పైవాళ్ళకు తెలియడానికి కట్టుకున్న ఏర్పాటు అది. పెద్దవాణ్ణి కింద, చిన్నదాన్ని పైన నిలబెట్టి చేయించండి, జన్మలో మర్చిపోరు. రామదాసును పెట్టారని చెప్పే చెర కూడా దారిలోనే ఉంది. గోడమీద చెక్కిన రాముడు, హనుమంతుడి బొమ్మల దగ్గర ఇప్పటికీ జనం దండం పెట్టుకుంటుంటారు.

వాళ్ళు ఎక్కి దిగేలోపు మీరూ మామయ్యా గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీ రాజుల సమాధుల దగ్గరికి వెళ్ళండి. కోట నుంచి కిలోమీటరు, రెండు కిలోమీటర్లకు మించదు. చెట్లు, నీడ, కూర్చోవడానికి చోటు ఉన్నాయి, నేల కూడా చదును. నన్నడిగితే కోటకన్నా అదే బాగుంటుంది. 2013 నుంచి పదేళ్ళకు పైగా పని చేసి, ఎప్పుడో సిమెంటు పూసి పాడు చేసిన చోట్ల అది చెక్కేసి మళ్ళీ సున్నంతో బాగు చేశారు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి అన్నిటికన్నా ఎత్తు. ఆఖరి రాజు తానీషా సమాధి మాత్రం అక్కడ వెతక్కండి, ఉండదు. 1687లో ఔరంగజేబు కోట పట్టుకున్నాక ఆయన్ను దౌలతాబాద్‌లో బందీగా ఉంచాడు, ఆయన అక్కడే పోయాడు. రామదాసును చెరలో పెట్టినాయనే చివరికి చెరలో పోయాడని మామయ్యతో చెప్పండి, సాయంత్రం దాకా అదే మాట్లాడతారు.

గురువారం సాలార్‌జంగ్ మ్యూజియం. ఇమ్లీబన్ బస్టాండుకు దగ్గరే. అన్ని గదులూ చూస్తామంటే కాళ్ళు పడిపోతాయి. మూడు చూడండి చాలు. ఒకటి, ముసుగు కప్పుకున్న రెబెక్కా. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కింది, 1876లో నిజాము దివాను మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. రాయిని చెక్కి పల్చటి గుడ్డ అనిపించాడు, కింద ముఖం కనపడుతుంది. రెండు, ముందువైపు మగవాడు, వెనకవైపు అమ్మాయి ఉన్న చెక్కబొమ్మ. వెనక అద్దం పెట్టి ఉంటుంది, పిల్లలను అద్దంలో చూడమనండి. మూడోది గంటల గడియారం. పన్నెండు కొట్టే వేళకు పది నిమిషాలు ముందే పోయి కూర్చోండి. గంట కావొస్తుండగా ఒక గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, గంట కొట్టి, మళ్ళీ లోపలికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు. అందరూ సెల్‌ఫోన్లు పైకెత్తి అడ్డం పెడతారు, ముందు వరుస పట్టుకోండి.

సాయంత్రం చార్మినార్. లోపలి మెట్లు ఇరుకు, చీకటి, మెట్టు కూడా ఎత్తు. మామయ్య ఎక్కకపోతే కొంపలేం మునగవు. పైకి పంపించేది కూడా మొదటి అంతస్తు వరకే. 1591లో కట్టిన దాన్ని తలెత్తి చూడటానికి కిందే మంచి చోటు. ఒక చాయ్ తీసుకుని నిలబడండి. ఇరానీ చాయ్ మనవాళ్ళకు తీపి ఎక్కువనిపిస్తుంది, ముందే చెప్తున్నా.

చౌమహల్లా ఈసారికి వదిలేయండి. బిర్లా మందిరం, ట్యాంక్‌బండ్ సంగతి మీ ఇష్టం, వాటి గురించి నన్ను అడగొద్దు.

*"అన్నా, ఆ కోటలూ ప్యాలెస్‌లూ నవాబులవి, నైజాములవి. మన సీమకూ వాటికీ ఏం సంబంధం? మనకు గండికోట లేదా?"*
— డిగ్రీ విద్యార్థి, ఆదోని

తమ్ముడూ, గండికోట ఉంది. దాన్ని పెమ్మసానివాళ్ళ దగ్గర 1650లో పట్టుకున్నది ఎవరనుకున్నావ్? గోల్కొండ వజీరు మీర్ జుమ్లా. సంబంధం అక్కడే మొదలైంది. గోల్కొండ వజ్రాలంటారు గానీ గోల్కొండలో వజ్రాల గనే లేదు. అది అంగడి. రాళ్ళు వచ్చింది కృష్ణ ఒడ్డు కొల్లూరు లాంటి చోట్ల నుంచి, మన వైపు నేలల నుంచి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి వంగి వెతుకుతారు చూడు, ఆ కథే ఇది.

అంతకన్నా పెద్ద సంబంధం కోఠిలో ఉంది. అక్కడ మహిళా యూనివర్సిటీ ప్రాంగణంలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది, అంటే నిజాము దగ్గర ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే దొర బంగళా. ముందు ఆరు పెద్ద స్తంభాలు, పొడవాటి మెట్లు, మెట్లకు అటొకటి ఇటొకటి సింహం. దాన్ని కట్టించింది కర్క్‌పాట్రిక్ అనే కంపెనీ దొర. నిజాముతో 1800లో ఒప్పందం కుదిర్చింది ఇతనే. కంపెనీ సైన్యం ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన జిల్లాలను నిజాము ఆ ఒప్పందంతోనే రాసిచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. కర్నూలు ఊరు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. మనల్ని దత్తమండలాలు అన్నది అందుకే. మనల్ని ఎవరూ అడగలేదులే, అది వేరే సంగతి. తర్వాత కలెక్టరుగా వచ్చిన మన్రో పోయింది మీ పక్కన పత్తికొండలోనే, 1827లో, కలరాతో. ఇక ఆ భవనం కట్టించిన దొర 1805లో కలకత్తాలో పోయాడు, పూర్తయిన ఇంట్లో ఉండే రాతే లేదు.

ఆ మెట్ల మీద ఒకసారి నిలబడి చూడు తమ్ముడూ, సంబంధం లేదని మళ్ళీ రాయవు. అయితే అది చదువుల ప్రాంగణం, ముందు ఫోన్ చేసి లోపలికి రానిస్తారో లేదో కనుక్కుని పో.

*"ఒక గైడు మా దగ్గర బాగానే డబ్బులు గుంజి, గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందని, గుర్రాల మీద పోయేవారని చెప్పాడు. నేను నలభై ఏళ్ళు సోషల్ చెప్పాను. నమ్మాలా?"*
— రిటైర్డ్ టీచర్, అనంతపురం

నమ్మొద్దు సార్. ఆ సొరంగాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు ఎవరూ తవ్వి చూపించలేదు. మా కొండారెడ్డి బురుజు నుంచి తుంగభద్ర కింద అలంపురానికి సొరంగం ఉందని మా తాత కూడా చెప్పేవాడు, గుర్రాలు లేవు గానీ మిగతాదంతా అదే కథ. కోట ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఒక సొరంగం ఉంటుంది. గైడును పెట్టుకుంటే టికెట్ కౌంటర్ దగ్గరే ఎంత, ఎంతసేపు అని మాట్లాడుకోండి, గుర్తింపు కార్డు అడగండి. లోపలికి పోయాక బేరం పెడితే వాడిదే రాజ్యం.

మీరు సోషల్ సార్ కాబట్టి ఒక చోటు చెప్తాను, గైడు అక్కర్లేదు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ప్రాంగణంలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మంది దాకా ఆ చెట్టెక్కి బతికారని చెప్తారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. నది ఒడ్డున హైకోర్టు, ఆస్పత్రి లాంటి పెద్ద భవనాలు లేచింది కూడా ఆ తర్వాతే. నేను మొదటిసారి ఆ చెట్టు కింద నిలబడింది 2010లో. అంతకు ముందు అక్టోబరులో మా ఇంట్లోకి తుంగభద్ర, హంద్రీ రెండూ వచ్చాయి, మేం పక్కింటివాళ్ళ డాబా మీద ఒక రాత్రంతా గడిపాం. కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయా అని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో. స్ట్రెచర్ తోసుకొచ్చే ఆయన "జరుగు భాయ్" అంటే గానీ కదల్లేదు.

*"నాకు శుక్రవారమే సెలవు. ఆ రోజు వస్తే ఏమన్నా ఉంటుందా?"*
— షాపు ఉద్యోగి, కడప

సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ శుక్రవారం మూత. గోల్కొండ, చార్మినార్ తెరిచే ఉంటాయి, అయితే మధ్యాహ్నం నమాజు వేళకు మక్కా మసీదు చుట్టూ ఇసుక వేస్తే రాలదు, కాబట్టి పొద్దున చార్మినార్ చూసేసి గోల్కొండకు పొండి. తిరుగు రైలు కాచిగూడలో ఎక్కేటట్టయితే ఒక పావుగంట ముందే రండి. 1916 నాటి స్టేషన్ అది. లోపలికి పోయే ముందు రోడ్డు అవతల నిలబడి ఆ గుమ్మటాలు చూడండి. నేను ఇరవై ఏళ్ళు ఆ స్టేషన్లో దిగాను గానీ, ఎప్పుడూ బ్యాగు చూసుకోవడమే, పైకి చూసింది లేదు.