రీషి మాత్రలు వేసుకుంటే ఏం తిన్నా ఫర్వాలేదా?

ప్రశ్న: నా వయసు 46, బరువు 72 కిలోలు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 6.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 240. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అన్నారు. ‘రీషి పుట్టగొడుగు మాత్రలు వేసుకుంటే నూనె, తీపి తిన్నా ఒంటికి పట్టవు, తైవాన్‌లో రుజువైంది’ అంటూ మా బంధువు ఒక డబ్బా ఇచ్చారు. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తైవాన్ పరిశోధన నిజమేనమ్మా. 2015లో వచ్చింది. అయితే అది ఎలుకల మీద చేసింది. కొవ్వు దండిగా ఉన్న మేత పెడుతూ, దాంతోపాటే రీషి నీటి సారం పట్టించారు. వాటికి బరువు తక్కువ పెరిగింది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. ఆ సారంలోని పాలీశాకరైడ్లు (చక్కెర అణువులు గొలుసుగా కలిసిన పిండిపదార్థాలు) పేగుల్లోని బ్యాక్టీరియాను మార్చాయి. సారం తాగిన ఎలుకల మలాన్ని, అంటే ఆ బ్యాక్టీరియాను, వేరేవాటికి ఎక్కిస్తే వాటికీ ఒళ్లు తగ్గింది. చాలా విలువైన పరిశోధన, సందేహం లేదు.

మనుషుల సంగతి వేరు. మధుమేహం, మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట కొవ్వు, బీపీ, షుగరు, రక్తంలో కొవ్వు లాంటివి కలిసి ఉండడం) ఉన్న 84 మందితో ఆస్ట్రేలియాలో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. రోజుకు 3 గ్రాముల రీషి 16 వారాలు ఇచ్చినా హెచ్‌బీఏ1సీ గానీ, పరగడుపు షుగరు గానీ తగ్గలేదు. పుట్టగొడుగులు, బూజుల లాంటి శిలీంధ్రాల్లో మందు లేదని కాదు. కొలెస్ట్రాల్‌కు వాడే లోవాస్టాటిన్ ఒక బూజు నుంచి తీసిందే. అందులో మందు ఎన్ని మిల్లీగ్రాములో కచ్చితంగా తెలుసు, మీ డబ్బాలో ఆ భరోసా లేదు.

లేబుల్ మీద ‘పాలీశాకరైడ్లు’ అని ఉంటే సరిపోదు, గంజిపిండి కూడా పాలీశాకరైడే. పుట్టగొడుగుల్లో ఉండే పాలీశాకరైడ్ అయిన బీటా గ్లూకాన్ ఎంత శాతమో విడిగా రాసి ఉండాలి. ధాన్యం మీద పెంచిన బూజుపోగును (పుట్టగొడుగుకు వేళ్లలాంటి దారాలను) ధాన్యంతో సహా పొడి చేసి అమ్మే సరుకూ ఉంది. ఇంట్లోనే చూడొచ్చు: మాత్రలోని చిటికెడు పొడిని అరకప్పు నీళ్లలో 5 నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లార్చి, రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. ముదురు నీలంగానో నల్లగానో మారితే అందులో గంజిపిండి బాగా ఉన్నట్టే. వేడి మీద వేస్తే రంగు రాదు, మోసపోతారు.

రక్తం పలచబడే మందులు వాడేవారు రీషి జోలికి పోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రీషి పొడితో కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఫ్యాటీ లివర్ ఉన్న మీకు ఆ ప్రయోగం వద్దనే నా సలహా.

పుట్టగొడుగులు కూరగా తినండి, మంచిదే. కానీ నూనె పోసి వేపుడు చేస్తే స్పాంజిలా పీల్చేస్తాయి. ముందు నూనె లేకుండా మూకుడులో వేసి, ఊరిన నీరంతా ఇగిరాక ఒక చెంచా నూనె వేసి తాలింపు పెట్టండి. మాంసం వేపుడు బదులు ఈ కూర తింటే కొంత కొవ్వు తగ్గినట్టే. అన్నం కొలత తగ్గించి, రోజూ అరగంట వేగంగా నడిచి, బరువులో 7 శాతం, అంటే మీకు 5 కిలోలు తగ్గడం మీద దృష్టి పెట్టండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు మళ్లీ చేయించి మీ డాక్టరుకు చూపించండి.