మందిరాలు వేరైతే మాటలు మానేయాలా?

ప్రశ్న: మేం సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చికి వెళ్తాం. మా తోడికోడలు వాళ్లు వేరే సహవాసంలో చేరి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ప్రార్థన పెడితే రారు, వచ్చినా బాప్తిస్మం మీద గొడవే. విశ్వాసుల్లో ఐక్యత సాధ్యమేనా?
– ఒక సోదరి, ఏలూరు జిల్లా

జవాబు: సాధ్యమేనమ్మా, మీరు వెళ్లే చర్చే అందుకు సాక్ష్యం. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో కొందరు సంఘ నాయకులు, మన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యగారితో సహా, ఒకే ప్రభువును ప్రకటిస్తూ మనం విడివిడిగా ఎందుకుండాలని కూర్చుని మాట్లాడుకుంటే, అది నిజం కావడానికి 28 ఏళ్లు పట్టింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘం వాళ్లు, ఇలా వేర్వేరు శాఖల వాళ్లు ఒక్కటయ్యారు, అదే మీ సీఎస్ఐ. అజరయ్యగారు అది చూడకుండానే 1945లో కన్నుమూశారు, ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. నంద్యాల ప్రాంతంలో చాలామంది ఆంగ్లికన్లు అప్పుడు చేరలేదు కూడా.

ఇక మీ ఇంటి సంగతి. చిన్నపిల్లలకి బాప్తిస్మం ఇవ్వొచ్చా, నమ్మిన తర్వాతే నీళ్లలో మునిగి తీసుకోవాలా అన్నది శతాబ్దాల నాటి వాదన, మీ హాల్లో టీ తాగుతూ తేలేది కాదు. బైబిల్లో రోమా పత్రిక 14వ అధ్యాయం ఒకసారి చదవండి, తిండి విషయంలో, దినాల విషయంలో పట్టింపులున్న వాళ్లని పౌలు ఒకే అభిప్రాయానికి రమ్మనలేదు, ఒకరినొకరు తీర్పు తీర్చొద్దన్నాడు, అంతే. ఈసారి మీ తోడికోడల్ని ప్రార్థనకి పిలవకండి, ఊరికే భోజనానికి పిలవండి. ఆమె బాప్తిస్మం మాట ఎత్తితే, "అక్కా, ముందు అన్నం తిందాం" అనండి.