ఎవరూ వెతకకుండానే పార్సెల్ ‘పోయింది’ అని ఎలా తేలుస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తునికి మిక్సీ ఆర్డర్ చేశారు. భివండీ గోడౌన్‌లో బయల్దేరి హైదరాబాద్ మీదుగా విజయవాడ హబ్‌కు చేరినట్టు ట్రాకింగ్ చూపించింది. అక్కడే నాలుగు రోజులు ఆగిపోయి, ఒక రాత్రి ‘మీ పార్సెల్ పోయింది, కొత్తది పంపుతున్నాం’ అని మెసేజ్ వచ్చింది. ఎవరూ ఫోన్ చేయలేదు, ఏమీ అడగలేదు. కంప్యూటర్ దానంతట అది ఎలా తేల్చింది, కొత్తది నిజంగా వస్తుందా, పాతది కూడా వస్తే ఏం చేయాలి అని అడిగారు.

మేడ్చల్ వైపు ఉన్న ఒక పెద్ద సార్టింగ్ హబ్‌లో, అంటే పార్సెళ్లను ఊళ్లవారీగా వేరుచేసే చోట, కొన్నేళ్లు పనిచేశాను. నాది షార్టేజ్ డెస్క్. లెక్కలో ఉండి చేతికి దొరకని పార్సెళ్లు, చేతికి దొరికి లెక్కలో లేని పార్సెళ్లు, ఈ రెండూ మా దగ్గరికే వచ్చేవి. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మీ పార్సెల్ ఎక్కడుందో సిస్టమ్‌కు తెలియదు. దాని లేబుల్‌ను చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు స్కాన్ చేశారో, అంతవరకే తెలుసు. మిగతాదంతా దాని మీద వేసుకున్న అంచనా. మామూలు పార్సెల్‌లో జీపీఎస్ లాంటిదేమీ ఉండదు. లారీకి ఉంటుంది. లారీ సూర్యాపేట దాటిందంటే అందులోని సరుకంతా దాటిందని సిస్టమ్ అనుకుంటుంది.

ఈ అంచనాల్లో అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది బ్యాగ్ స్కాన్. హబ్‌లో ఒకే ఊరి వైపు వెళ్లే చిన్న పార్సెళ్లను ఒక పెద్ద సంచిలో వేస్తారు. వేసేటప్పుడు ఒక్కోదాన్నీ స్కాన్ చేసి, సంచికి నంబరున్న సీల్ బిగిస్తారు. లోపల ఏయే పార్సెళ్లు ఉన్నాయో ఆ జాబితా సంచి నంబరుకు ముడిపడి ఉంటుంది. దాన్ని మ్యానిఫెస్ట్ అంటాం. తర్వాతి హబ్‌లో సంచి దిగగానే సంచి బార్‌కోడ్ ఒక్కటే స్కాన్ చేస్తారు. అంతే, లోపలున్న అన్ని పార్సెళ్లకూ ‘హబ్‌కు చేరింది’ అని ఒకేసారి పడిపోతుంది. నిజానికి ఆ క్షణాన సంచిని ఎవరూ విప్పి ఉండరు. ఒక పార్సెల్ అసలు ఆ సంచిలో పడకపోయినా, లారీలోనే సంచి చిరిగి జారిపోయినా, మీ ఫోన్‌లో మాత్రం విజయవాడ చేరినట్టే కనిపిస్తుంది. సంచి విప్పి ఒక్కో పార్సెల్ స్కాన్ చేసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. జాబితాలో ఉండి చేతికి రానిది షార్టేజ్. జాబితాలో లేకుండా చేతికి వచ్చింది ఎక్సెస్.

మిక్సీ పెద్ద డబ్బా కాబట్టి సంచిలో వేయకుండా విడిగానే పంపి ఉండొచ్చు. అప్పుడు కూడా హడావుడి ఎక్కువగా ఉంటే లారీ మొత్తాన్ని ట్రిప్ నంబరు మీద దించేసినట్టు నమోదు చేసే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. కాబట్టి మీ ట్రాకింగ్‌లో ‘విజయవాడ చేరింది’ అన్న లైన్ తర్వాత ‘సార్ట్ అయింది’ అనో ‘తునికి బయల్దేరింది’ అనో ఇంకో లైన్ లేకపోతే, ఆ డబ్బా విజయవాడలో మనిషి చేతికి వచ్చిందన్న రుజువు లేనట్టే. హైదరాబాద్‌లోనే మిగిలిపోయి ఉండొచ్చు.

ఇక ‘పోయింది’ అని ఎలా తేలుస్తారంటే, గడియారం చూసి. ప్రతి స్కాన్ తర్వాత రావాల్సిన స్కాన్‌కు సిస్టమ్‌లో ఒక గడువు పెట్టి ఉంటుంది. లోపలికి వచ్చిన పార్సెల్ ఇన్ని గంటల్లో బయటకు పోవాలి, బయటకు పోయింది ఇన్ని గంటల్లో తర్వాతి ఊళ్లో కనబడాలి. గడువు దాటితే ఆ నంబరు మా డెస్క్ జాబితాలోకి వచ్చేది. హబ్‌లోని వాళ్లు ఆ జాబితా పట్టుకుని బెల్టు కింద, కేజ్‌ల వెనక, తిరిగి వెళ్లాల్సిన సరుకులో, లేబుల్ ఊడిపోయిన పార్సెళ్ల ర్యాక్‌లో చూస్తారు. అంటే ఎవరూ వెతకలేదని మీకు అనిపించినా, ఏదో ఒక షిఫ్టులో ఎవరో ఒకరు వెతికే ఉంటారు. అక్కడా దొరక్కపోతే రెండో గడువు నడుస్తుంది. అది కూడా దాటాక ఏ మనిషీ సంతకం పెట్టక్కర్లేదు, స్టేటస్ దానంతట అదే మారిపోతుంది. మీకు రాత్రి మెసేజ్ రావడానికి కారణం ఇదే.

పోయిన పార్సెళ్లన్నీ దొంగతనానికి గురైనవని జనం అనుకుంటారు. దొంగతనాలు ఉన్నాయి, ఫోన్లూ వాచీల విషయంలో మరీ. కానీ నా డెస్క్ మీదకు వచ్చిన వాటిలో చాలావరకు దారి తప్పినవే. పాలకొల్లు, పాలకొండ చూడండి. ఒకటి పశ్చిమ గోదావరిలో, ఇంకొకటి పార్వతీపురం మన్యం జిల్లాలో. మెషీన్ అయితే పిన్‌కోడ్ చదువుతుంది, 534తో మొదలైతే ఒక వైపు, 532తో మొదలైతే ఇంకో వైపు తోసేస్తుంది. పండగ సీజన్‌లో బెల్టు నిండిపోయి చేతితో సార్ట్ చేసేటప్పుడు, తెలుగు ఊళ్ల పేర్లు కొత్తగా వింటున్న కుర్రాళ్లు సగం పేరు చదివి సంచిలో వేసేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, రాత్రంతా నిలబడి చేసే పని అది. అలా వెళ్లిన పార్సెల్ అక్కడ ఎక్సెస్‌గా తేలి, మళ్లీ వెనక్కి బయల్దేరేసరికి ఇక్కడ గడువు దాటిపోయి ఉంటుంది. పటాన్‌చెరు పక్క రామచంద్రాపురానికీ, కోనసీమ రామచంద్రపురానికీ మధ్య కూడా ఇదే గొడవ. చిరునామాలో ఊరి పేరు ఎంత సరిగ్గా రాసినా పిన్ తప్పు కొడితే మెషీన్ పిన్‌నే నమ్ముతుందని గుర్తుంచుకోండి.

లేబుల్ ఊడిపోవడం ఇంకో పెద్ద కారణం. వానాకాలంలో మరీ ఎక్కువ. లేబుల్ లేని డబ్బా ఎదురుగా ఉన్నా సిస్టమ్ కంటికి అది లేనట్టే. అలాంటివి విప్పి, లోపలి బిల్లు చూసి, షార్టేజ్ జాబితాతో పోల్చి కొత్త లేబుల్ అంటించేవాళ్లం. ఇన్వాయిస్ లోపల ఉంటే నిమిషాల పని, లేకపోతే ఆ డబ్బా ర్యాక్ మీద ఉండిపోయేది. మీరు ఎవరికైనా సొంతంగా ఏదైనా పంపుతుంటే, ఒక కాగితం మీద ఇద్దరి చిరునామాలూ ఫోన్ నంబర్లూ రాసి డబ్బా లోపల కూడా పెట్టండి. ఇంతకంటే చవకైన ఇన్సూరెన్స్ లేదు. లేబుల్ నలిగితే నంబరు చేత్తో టైప్ చేస్తారు. స్పీడ్ పోస్ట్ నంబరులో రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్ ఉంటాయి కదా, ఆ తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిదింటి నుంచి లెక్కగట్టి వేసేది. ఒక అంకె తప్పు కొడితే దాదాపు ఎప్పుడూ లెక్క కుదరక పట్టుబడుతుంది. ప్రైవేటు కంపెనీల నంబర్లన్నిటికీ ఈ రక్షణ ఉండదు.

కొత్తది పంపాలా, డబ్బు వెనక్కి ఇవ్వాలా అన్నది కూడా నియమాల ప్రకారం సిస్టమే చూసుకుంటుంది. అదే అమ్మకందారు దగ్గర అదే వస్తువు స్టాక్ ఉంటే కొత్త ఆర్డర్ పుడుతుంది, లేకపోతే రీఫండ్. ఖరీదైన వాటిని మాత్రం మనిషి చూసేదాకా ఆపుతారు. మీకు రీప్లేస్‌మెంట్ అని వచ్చిందంటే స్టాక్ ఉన్నట్టే, కాబట్టి వచ్చే అవకాశమే ఎక్కువ. కానీ ఆ మెసేజ్ నమ్మి కూర్చోకండి. కొత్త ట్రాకింగ్ నంబరు ఇచ్చారా, దాని మీద మొదటి స్కాన్ పడిందా చూడండి. ‘లేబుల్ తయారైంది’ అన్న దగ్గరే రెండు మూడు రోజులు ఆగితే వస్తువు ఇంకా గోడౌన్ దాటలేదని అర్థం, అప్పుడే ఫిర్యాదు పెట్టండి.

ఈ పద్ధతిలో నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఒకటుంది. కస్టమర్‌కు కొత్త వస్తువు వెళ్లిపోతుంది, సరే. పాతదాని ఖరీదు ఎవరి ఖాతాలో పడాలి? నేను పనిచేసిన చోట చివరి స్కాన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల మీద పడేది. చాలాసార్లు అది డెలివరీ బాయ్. పొద్దున్నే సంచి మొత్తాన్ని అతని పేరు మీద ఒకే స్కాన్‌తో కొట్టి ఇచ్చేవారు. లోపల ఒకటి తక్కువుందని అతను వీధిలోకి వెళ్లాక తెలిసేది. ఒక కుర్రాడికి జీతంలో ఇలా కోత పడితే, హబ్ సీసీటీవీ తీయించి చూశాం. ఆ పార్సెల్ సంచిలో పడనే లేదు, బెల్టు మలుపులో కిందికి జారింది. అతని డబ్బు వెనక్కి ఇప్పించగలిగాం గానీ, అడగడం తెలియనివాళ్ల సంగతి ఏంటి? సంచి స్కాన్‌ను అంచనాగానే లెక్కలో రాయాలి, ఒక్కో పార్సెల్ చేతిలోకి తీసుకుని చేసిన స్కాన్ ఉంటేనే మనిషిని బాధ్యుణ్ని చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో ఇది పెద్ద మార్పేమీ కాదు. మీరు కూడా డెలివరీ బాయ్ మీద అరిచే ముందు ఇది తలచుకోండి దయచేసి.

‘డెలివరీ అయింది’ అని పడి వస్తువు రాకపోయినా, డబ్బా ఖాళీగా వచ్చినా సంగతి వేరు. అప్పుడు గడియారం ఆగిపోయి ఉంటుంది కాబట్టి సిస్టమ్ తనంతట తాను ఏమీ చేయదు. ఆ రోజే ఫిర్యాదు పెట్టాలి. డెలివరీ రుజువు చూపించమని అడగండి: ఓటీపీ ఎప్పుడు కొట్టారు, ఫొటో ఏది, లొకేషన్ ఎక్కడ అని. డబ్బా తేలిగ్గా ఉంటే విప్పకముందే లేబుల్ ఫొటో తీసి, విప్పేటప్పుడు వీడియో తీయండి. పెద్ద హబ్‌లలో బెల్టు మీదే పార్సెల్ బరువు నమోదవుతుంది. మొదటి హబ్‌లో ఎంత, చివరి హబ్‌లో ఎంత అని రాతపూర్వకంగా అడిగితే దారిలో విప్పారో లేదో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

కంపెనీ నాన్చితే చట్టం మీ వైపు ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. తర్వాత 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు. వస్తువుకు కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయల దాకా అయితే ఫీజు లేదు, ఫిర్యాదు వేయడానికి 2 ఏళ్ల గడువు ఉంటుంది.

ఇంకొకటి, చాలా ముఖ్యం. పార్సెల్ ఆగిందని, చిరునామా సరిచేయడానికి చిన్న మొత్తం కట్టమని లింకుతో మెసేజ్ వస్తే తాకవద్దు. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి. రీప్లేస్‌మెంట్‌కు ఎవరూ డబ్బు అడగరు. పొరపాటున కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

చివరిగా, రెండూ వస్తే ఏం చేయాలన్నారు. ‘పోయింది’ అని పడ్డ నంబరును సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది. ఏ హబ్‌లో మళ్లీ స్కాన్ అయినా మామూలుగా వెనక్కి మళ్లిస్తుంది. అయినా కొన్ని దాటుకుని ఇంటిదాకా వచ్చేస్తాయి. మీకు అలా వస్తే పాత నంబరు ఉన్న డబ్బాను తీసుకోకుండా అక్కడే తిప్పి పంపండి, డెలివరీ బాయ్ యాప్‌లో ‘కస్టమర్ వద్దన్నారు’ అని కొడతాడు. మీరు లేనప్పుడు పక్కింట్లో ఇచ్చి వెళ్లిపోతే విప్పకుండా ఉంచి, యాప్‌లో చాట్ తెరిచి రెండు నంబర్లూ రాసి పికప్ పెట్టమనండి. తిరుగు ఖర్చు మీది కాదు. ఆ చాట్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఆ పాత డబ్బా లెక్కలో కనబడితే, ఎవరి పేరు మీదైనా కోత పడి ఉంటే అది కూడా తిరిగి వేయించుకోవడానికి ఆధారం దొరుకుతుంది.