ఎనిమోన్ నడిస్తే నడవనివ్వండి

మీ ప్రశ్న – నా జవాబు: ఉప్పునీటి అక్వేరియం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాది నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు. 250 లీటర్లు పడుతుంది. పెట్టి పది నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య ఉన్నాయి. మొన్న ఆదివారం బబుల్ టిప్ ఎనిమోన్ (రాళ్లకు అంటుకుని బతికే, పువ్వులా కనబడే సముద్ర జీవి) తెచ్చి ముందువైపు రాయి మీద పెట్టాను. తెల్లారేసరికి వెనక అద్దానికి అంటుకుని ఉంది. తీసి మళ్లీ రాయి మీద పెడితే మళ్లీ వెళ్లిపోయింది. నిన్న రాత్రి ముడుచుకుపోయి ఉసిరికాయంత అయింది. నోట్లోంచి గోధుమరంగు తీగల్లాంటివి వచ్చాయి. మా ఆవిడ చచ్చిపోయిందంటోంది. షాపువాళ్లు వెనక్కి తీసుకుంటామన్నారు. ఇచ్చేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఇచ్చేయకండి. మీరు రాసినదాన్ని బట్టి అది బతికే ఉంది, కొత్తచోట ఏ ఎనిమోన్ అయినా చేసే పనే చేస్తోంది. ముందు మీరు చేయాల్సింది ఒక్కటే. దాన్ని పీకి రాయి మీద పెట్టడం మానేయండి. అంటుకున్న పాదాన్ని లాగితే చిరుగుతుంది. ఎనిమోన్‌కి స్పర్శకం (నోటి చుట్టూ వేళ్లలా కదిలేది) తెగినా మళ్లీ వస్తుంది గానీ, పాదం చిరిగితే కుళ్లు పట్టి నాలుగు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ముడుచుకోవడం సంగతి చెప్తాను. ఎనిమోన్‌కి ఎముకా లేదు, గుల్లా లేదు. ఒంటినిండా నీళ్లు నింపుకుని ఆ బిగువు మీదే నిలబడుతుంది. ఆ నీళ్లు మార్చుకోవాలంటే బయటికి వదిలేసి ముడుచుకోవాలి. కొన్ని గంటలు పోయాక మళ్లీ నింపుకుంటుంది. దానికి తినడానికీ విసర్జించడానికీ దారి ఒక్కటే. మీరు చూసిన గోధుమరంగు తీగలు ఆ విసర్జనే. అందులో దాని ఒంట్లో కాపురముండే నాచు కణాలు కూడా కొన్ని ఉంటాయి. జూజాంథెల్లే అని జువాలజీ పాఠాల్లో వినే ఉంటారు. వెలుతురుతో ఆ కణాలు తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా ఎనిమోన్‌కే దక్కుతుంది. దాని గోధుమ ఛాయ కూడా వాటివల్లే. వెలుతురు మారి, నీళ్లు మారి ఇబ్బంది పడినప్పుడు కొన్నింటిని బయటికి తోసేస్తుంది. కాస్త పోతే ఏం కాదు. రోజూ పోతూ ఒళ్లు తెల్లబడిపోతుంటే మాత్రం నాకు మళ్లీ రాయండి.

ఇక నడక. సముద్రంలో బబుల్ టిప్ రాతి సందులో పాదం దాచుకుని, స్పర్శకాలు మాత్రం వెలుతురులోకి చాపుకుని బతుకుతుంది. ఏదైనా మీదికొస్తే లోపలికి లాక్కుంటుంది. మీరు పెట్టిన రాయి చదునుగా ఉండి ఉంటుంది. ఎదురుగా కనబడాలని పెట్టారు, అది సహజమే. మా హాల్లో ఉన్నది సోఫాలో కూర్చుంటే సగమే కనబడుతుంది. రెండు రాళ్లు కలిసేచోట వేలు దూరేంత సందుంది, పాదం అందులో పెట్టుకుంది. మధ్యాహ్నం లైటు పూర్తిగా వెలిగాక వంగి పక్కనుంచి చూడాలి. స్పర్శకాలు ఒక్కొక్కటే ఉబ్బుతాయి, కొనల దగ్గర బుడగ లేస్తుంది, బుడగ చివర లేత గులాబి చుక్క తేలుతుంది. పళ్లెంలాంటి పైభాగం మధ్యలో నోరు బిగించి ఉంటుంది. ఆ చోటు నేను చూపించింది కాదు, అదే వెతుక్కుంది. ఏళ్లుగా అక్కడే ఉంది.

కాబట్టి చోటు దాని వంతు. మీ వంతు పని వేరే ఉంది, అది ఈ రాత్రే చేయండి. వేవ్‌మేకర్‌కి, అంటే నీళ్లలో అలలు పుట్టించే పంపుకి, స్పాంజి గానీ సన్నకన్నాల జాలీ గానీ తొడగండి. కొత్త ఎనిమోన్లు చాలాసార్లు చీకట్లో నడుస్తూ నడుస్తూ పంపు నోట్లో పడి పోతాయి. ముక్కలైన ఎనిమోన్ ట్యాంకు నీళ్లన్నీ పాడుచేసి చేపల్ని కూడా తీసుకుపోతుంది. నీళ్లు సంపులోకి, అంటే ట్యాంకు కింది ఫిల్టర్ తొట్టిలోకి, దిగే దువ్వెనలాంటి గండి దగ్గరా జాలీ ఉండాలి. హీటర్ ఉంటే దానికీ ప్లాస్టిక్ తొడుగు వేయండి. స్పాంజిని రెండు మూడు రోజులకోసారి ఉతకండి, లేకపోతే ప్రవాహం పడిపోతుంది.

లైటు సగానికి తగ్గించి, రెండు వారాల్లో మెల్లగా పెంచుకుంటూ రండి. షాపు తొట్టిలో మసక వెలుతురులో ఉన్నదాన్ని ఒక్కసారిగా పెద్ద ఎల్‌ఈడీ కింద పెడితే తట్టుకోలేదు. ఉప్పు సాంద్రత 1.025, 1.026 మధ్య ఉందో లేదో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి. ఇంట్లో ఏసీ, ఫ్యాను ఆడుతుంటే రోజూ నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. తగ్గిన మేరకు ఉప్పు లేని, శుద్ధి చేసిన ఆర్‌ఓ–డీఐ నీళ్లే పోయాలి, అదీ రోజూ కొంచెం కొంచెం. వారానికోసారి బకెట్‌తో పోసేసి ఊరుకుంటే చేపలు ఓర్చుకుంటాయేమో గానీ ఎనిమోన్ ఓర్చుకోదు.

తిండి సంగతి వారం పది రోజుల దాకా మరిచిపోండి. పాదం ఒకచోట నిలిచి, పగలు విప్పుకోవడం మొదలయ్యాక, ఉప్పూ పసుపూ తగలని పచ్చి రొయ్య ముక్క చిటికెన వేలి గోరంత తీసుకుని పటకారుతో స్పర్శకాలకు తాకించండి. పట్టుకుని నోటికి చేర్చుకుంటే కుదురుకున్నట్టే. వారానికి ఒకసారి చాలు. మర్నాడు ముక్క అలాగే కక్కేస్తే పెద్దదైందని అర్థం. మీ క్లీనర్ రొయ్య మాత్రం ఊరుకోదు, ఎనిమోన్ నోట్లోంచి కూడా లాక్కుంటుంది. తినేదాకా పైన జాలీ గిన్నె ఒకటి బోర్లించండి. క్లౌన్ చేపలు మొదట్లోనే దూరి నలిపేస్తున్నా ఇదే ఉపాయం. చిల్లుల ప్లాస్టిక్ బుట్ట కొన్నాళ్లు అడ్డుపెడితే అది తేరుకుంటుంది.

మీ ఆవిడ గారి భయానికీ జవాబు చెప్పాలి కదా. చచ్చిపోతున్న ఎనిమోన్ నోరు వదులై, లోపలి భాగం బయటికి తిరగబడి ఉంటుంది. పాదం దేనికీ అంటదు, ఒళ్లు పొరలు పొరలుగా ఊడుతుంది. దగ్గరికి వెళ్తే కుళ్లిన కంపు వస్తుంది, పొరపడే అవకాశమే లేదు. అప్పుడిక ఆలోచించకుండా చేతికి తొడుగు వేసుకుని తీసేసి, నాలుగోవంతు నీళ్లు మార్చి, ఫిల్టర్లో కార్బన్ వేయాలి. మీది అద్దానికి గట్టిగా పట్టుకుని ఉంది. అది బతుకు మీద ఆశ ఉన్న జీవి చేసే పని.

ప్రశ్న: ఎనిమోన్ కొనడానికి నెల్లూరు నుంచి చెన్నై కొళత్తూరు వెళ్తున్నాం. ఎలాంటిది ఎంచుకోవాలి? ఇంటికి తెచ్చాక నీళ్లలో ఎలా వదలాలి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: రంగు చూసి మోసపోవద్దమ్మా. నిమ్మపండు పసుపు, ముదురు గులాబి రంగుల్లో మెరిసిపోతుంటే అది రంగు ఎక్కించినది అయ్యుండొచ్చు. నాచు కణాలు పోయి తెల్లబడినదానికి రంగు వేస్తే కొనేవాళ్లకు అందంగానే కనిపిస్తుంది, కానీ లోపల అది ఆకలితో ఉంటుంది. పాలలా తెల్లగా ఉన్నదీ వద్దు. గోధుమ, ఆకుపచ్చ, ముదురు ఎరుపు ఛాయల్లో, నోరు బిగించుకుని, పాదం దేన్నో పట్టుకుని ఉన్నది తీసుకోండి. అడిగితే షాపువాళ్లు చిన్న ముక్క తినిపించి చూపిస్తారు. అది చూడకుండా డబ్బులివ్వకండి. రాయిని పట్టుకుని ఉంటే రాయితో సహా ఇవ్వమనండి, రాయికి కూడా డబ్బు కడితే నష్టమేమీ లేదు.

ఇంటికొచ్చాక సంచిని మూతి విప్పకుండా ట్యాంకులో పావుగంట తేలనివ్వండి. తర్వాత ఆ నీళ్లతో సహా చిన్న బకెట్‌లోకి మార్చి, సన్నగొట్టానికి ముడివేసి ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా పడనివ్వండి. గంటసేపట్లో బకెట్‌లో నీళ్లు రెండు మూడింతలు కావాలి. బకెట్ నీళ్లు ట్యాంకులో పోయొద్దు. ఎనిమోన్‌ని మాత్రం తొడుగు వేసుకున్న చేత్తో ఎత్తి, వేవ్‌మేకర్ ఆపి, లైట్లు తగ్గించి, రాతి సందు దగ్గర పాదం కిందికి వచ్చేలా ఆనించండి. పట్టు దొరికాక పంపు వేయండి. ఒక్క ప్రశ్న మిమ్మల్ని నేనడగాలి. ఆ ట్యాంకులో ఎప్పుడైనా చేపల రోగానికి రాగి ఉన్న మందు వాడారా? వాడి ఉంటే ప్రయాణం మానుకోండి. రాగి రాళ్లలో, ఇసుకలో ఇంకి ఉండిపోతుంది. చేపకు మందైనది ఎనిమోన్‌కి విషం.

ప్రశ్న: ట్యాంకు పెట్టి నెలైంది. రెండు క్లౌన్ చేపలు వేశాను. ఎనిమోన్ లేకపోతే అవి బెంగపెట్టుకుని చచ్చిపోతాయని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: నిజం కాదు. సముద్రంలో ఎనిమోన్ లేకపోతే క్లౌన్ చేపని ఎవరో ఒకరు మింగేస్తారు. మీ ట్యాంకులో మింగేవాళ్లు లేరు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో క్లౌన్ చేపల్ని హేచరీల్లో పుట్టించి పెంచారు. అలాంటి చేపలు పుట్టిన దగ్గర్నుంచీ ఎనిమోన్ మొహం చూసి ఉండవు. హాయిగా బతుకుతాయి. పైగా నారింజ రంగు మీద తెల్లచారలుండే మామూలు క్లౌన్ చేప సముద్రంలో బబుల్ టిప్‌లో ఉండదు. అందులో ఉండేది మెరూన్ క్లౌన్ లాంటివి. ట్యాంకుల్లో మామూలు క్లౌన్ కూడా తరచూ దాన్ని ఒప్పుకుంటుంది, ఒక్కోసారి పట్టించుకోదు.

నెల ట్యాంకులో ఎనిమోన్ వేయొద్దు బాబూ. నీళ్లలో విషాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించినంత మాత్రాన ట్యాంకు ముదిరినట్టు కాదు. కనీసం ఆరు నెలలు, ఏడాదైతే ఇంకా మంచిది. ఈలోపు టెస్ట్ కిట్‌తో వారం వారం కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి. అంకెలు ఊగకుండా ఒకేచోట నిలిచిన రోజున నాకు రాయండి, ఏది కొనాలో చెప్తాను.

ప్రశ్న: రుషికొండ దగ్గర పోటు తగ్గినప్పుడు రాతి గుంటల్లో మా పిల్లలు ఎనిమోన్లు చూశారు. ఒకటి ఇంటికి తెచ్చుకుందామని గోల. తేవచ్చా? ఎన్నేళ్లు బతుకుతుంది?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: పిల్లలు వాటిని గుర్తుపట్టారంటే నాకెంత సంతోషమో. ఒంటికి ఇసుకా గవ్వముక్కలూ అంటించుకుని, నీళ్లు తగ్గగానే ముద్దలా ముడుచుకుంటాయి. చాలామంది వాటి మీద కాలేసి వెళ్లిపోతారు. కానీ తేవద్దు. రాతిని పట్టుకున్నదాన్ని ఊడదీయడంలోనే సగం చంపుతాం. పోటూ పాటూ, అల తాకిడీ ఉన్న జీవితం దానిది. వాటితోపాటు పగడం పట్టిన రాళ్లు తెచ్చే ఆలోచన అసలే వద్దు. దిబ్బలు కట్టే పగడాలన్నిటికీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది.

వయసు సంగతి పిల్లలకి కథగా చెప్పండి. 1828లో స్కాట్లండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త నార్త్ బెరిక్ తీరంలో ఒక ఎనిమోన్‌ని తీసుకుని ఎడిన్‌బరోలో గాజు జాడీలో పెంచారు. సముద్రపు నీళ్లు తెప్పించి మారుస్తుండేవారు. ఆయన 1851లో పోయారు. ఎనిమోన్ పోలేదు. ఒకరి చేతినుంచి ఒకరికి మారుతూ, పిల్లల్ని కంటూ 1887 దాకా బతికింది. అందరూ దాన్ని గ్రానీ అని పిలిచేవారు. అది చల్లటి సముద్రపు జాతి, నాచు కణాలతో పని లేనిది. మనం ట్యాంకుల్లో పెట్టేవాటి అవసరాలు వేరు. అయినా ఒక విషయం పిల్లలకు అర్థమవుతుంది: రుషికొండ గుంటలో వాళ్లు చూసింది వాళ్లకంటే పెద్దదే కావచ్చు. వచ్చే ఆదివారం పోటు వేళలు చూసుకుని వెళ్లి, అదే గుంటలో అదే రాయి మీద ఉందేమో వెతకమనండి. ముట్టుకోకుండా బొమ్మ గీసుకోమనండి.

ప్రశ్న: మే నెలలో కరెంటు పోతే ఎనిమోన్‌ని ఎలా కాపాడుకోవాలి? చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కొనే స్తోమత లేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వేడి ఒక్కటే కాదు, వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు అసలు ప్రమాదం అదే. ఇన్వర్టర్ మీద లైటు పెట్టకండి, వేవ్‌మేకర్ పెట్టండి. అది వాడేది కొద్ది వాట్లే. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకోండి. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గాల్లో తేమ ఎక్కువున్న రోజుల్లో అంత దిగదు. అప్పుడు మూత బిగించిన నీళ్ల సీసాలు ఫ్రీజర్లో గడ్డకట్టించి ఒకదాని తర్వాత ఒకటి ట్యాంకులో తేల్చండి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి, ఉప్పు పలచబడుతుంది. 25–27 డిగ్రీలు మంచిది, 29 దాటకుండా చూసుకోండి. వేసవిలో దోమలు ఎక్కువని ట్యాంకున్న గదిలో దోమల స్ప్రే కొట్టకండి, ప్లగ్‌లో పెట్టే మందూ వద్దు. ఎయిర్ పంపు ఆ గాలినే పీల్చి నీళ్లలోకి తోస్తుంది. కిటికీలకు మెష్ కొట్టించండి, చిల్లర్ కంటే చాలా తక్కువ ఖర్చు.