విజ్ఞాన సర్వస్వం లాంటి సైట్‌లో ప్రాణహిత నదికి విడిగా పేజీ పెట్టాలా, గోదావరి పేజీలో ఒక పేరా సరిపోతుందా?

విడిగానే పెట్టండి, ఇందులో ఆలోచించడానికేం లేదు. గోదావరి పేజీలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అని ఒక వరుసలో పేర్లు రాసేసి చేతులు దులుపుకోవడం మనవాళ్లకు బాగా అలవాటు. 3,12,812 చదరపు కిలోమీటర్ల గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా ప్రాణహిత వైపు నుంచే వస్తుంటే, దానికి రెండు కామాల మధ్య చోటిస్తే ఎలా?

అసలు తలనొప్పి పేజీ పెట్టాక మొదలవుతుంది. అందరూ కలిసి రాసే ఒక సైట్‌లో ఈ నది పేజీ సరిచేస్తూ పొడవు 113 కి.మీ., పరీవాహక ప్రాంతం 1,09,078 చ.కి.మీ. అని పెట్టాను. మర్నాటికల్లా ఒకాయన రెండో అంకె తీసేసి 61,093 పెట్టారు. ఇంత చిన్న నదికి లక్ష చదరపు కిలోమీటర్లేంటండీ, ప్రభుత్వ పట్టికలో ప్రాణహిత ఎదురుగా ఉన్నది ఇదే కదా అని చర్చలో నిలదీశారు కూడా. నేను మార్చడం, ఆయన మళ్లీ మార్చడం, కొన్నాళ్లు ఇదే పని. ఆయన అంకె కూడా తప్పుది కాదు. గోదావరి నీళ్లను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రైబ్యునల్ ఆ నదిని జీ-1 నుంచి జీ-12 దాకా ఉప పరీవాహకాలుగా లెక్కేసింది. అందులో జీ-9 అంటే వైన్‌గంగతో కలిపి ప్రాణహిత, 61,093. జీ-8 వార్ధా 24,087, జీ-7 పెన్‌గంగ 23,898 వేరే వరుసల్లో ఉంటాయి. ఆ నీళ్లు కూడా చివరికి ప్రాణహితలోకే వస్తాయి కాబట్టి మూడూ కూడితే 1,09,078. ఈ కూడిక చర్చలో పెట్టి, పేజీలో అంకె పక్కనే "వార్ధా, పెన్‌గంగ, వైన్‌గంగలతో కలిపి" అని రాశాక ఆయనే సరేనన్నారు.

ఇంతకీ గొడవ ఎందుకొచ్చిందంటే, ఈ నది చిన్న వాగుగా పుట్టి మెల్లగా పెరిగింది కాదు, పుట్టడమే పెద్ద నదిగా పుడుతుంది. ముల్తాయి దగ్గర పుట్టిన వార్ధా, పెన్‌గంగను వెంటబెట్టుకొచ్చి తుమ్మిడిహెట్టి ఎగువన వైన్‌గంగను కలిసిన చోటు నుంచి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే దాకానే ప్రాణహిత అన్న పేరు. పొడవు ఆ ముక్కకే రాయాలి, పరీవాహకం మాత్రం పైనున్న మొత్తానికీ రాయాలి. ఏది దేనికో చెప్పకుండా అంకెలు పక్కపక్కన పడేసే, పేజీ పక్కనుండే ఆ సమాచారపు డబ్బాలంటేనే నాకు ఒళ్లు మంట.

వైన్‌గంగ, ప్రాణహిత ఒకటే ప్రవాహం, రెండు పేజీలూ కలిపేద్దాం అనేవాళ్లు కూడా తగులుతారు. ఒప్పుకోకండి. నీళ్ల లెక్కే చూస్తే, భాగీరథి, అలకనంద కలిసి గంగ అయ్యే దేవప్రయాగ దగ్గర భాగీరథి కంటే అలకనందే పొడవు, నీళ్లూ దానిలోనే ఎక్కువ. అయినా గంగ పుట్టుక భాగీరథి వైపున్న గంగోత్రి అనే అంటున్నారు కదా! జనం ఎక్కడ పేరు మారుస్తారో పేజీ అక్కడే మొదలవ్వాలి, అక్కడే ఆగాలి. ఉపనదులకు అంతస్తులు కట్టే స్ట్రాలర్ వరుసలు, పరీవాహకాలకు నంబర్లు వేసే ఫాఫ్‌స్టెటర్ కోడ్‌లు మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్‌కు పనికొస్తాయి, చదివేవాడికి అక్కర్లేదు. సంగమానికి అక్షాంశ రేఖాంశాలు ఆరు దశాంశాల దాకా ఇచ్చే మహానుభావులకు ఒక దండం, వరదకోసారి ఇసుక మేటలు జరిగే చోట అంత కచ్చితం దేనికో.

గోదావరి పేజీలో మాత్రం ప్రాణహిత గురించి రెండు మూడు వాక్యాలు రాసి లింకు ఇవ్వండి. అంకెలు అక్కడ మళ్లీ రాయొద్దు, ఒకచోట మార్చి రెండోచోట వదిలేస్తారు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలకూ ఇదే పద్ధతి. గోదావరి పొడవు 1,465 కి.మీ. అని అన్నిచోట్లా ఉంటుంది, అది ఏ పాయ వెంట సముద్రం దాకా కొలిచిందో రాసిన పేజీ మీకెక్కడైనా కనిపిస్తే నాకూ చెప్పండి.