నాన్నగారి శ్వాస నిమిషానికి 19 అని వాచ్ చూపిస్తోంది, భయపడాలా?

మీ నాన్నగారికి 78 ఏళ్లని, వాచ్‌లో రాత్రి శ్వాస నిమిషానికి 19, హార్ట్ రేట్ వేరియబిలిటీ (గుండె చప్పుళ్ల మధ్య వ్యవధిలో వచ్చే తేడా) తక్కువ చూపిస్తోందని, ఇవి మరణాన్ని ముందే చెబుతాయని చదివి టెన్షన్ పడుతున్నానని రాశారు. నేను డాక్టర్ని కాదు. మా మామయ్యగారిని ఇంట్లో చూసుకుంటున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నా.

మీరు చదివింది అబద్ధమేం కాదు. గుండెపోటు తర్వాత కోలుకున్నవాళ్లలో, గుండె చప్పుళ్ల మధ్య వ్యవధి మరీ ఒకేలా ఉంటే తర్వాతి మరణాలు ఎక్కువని 1987లోనే అమెరికాలో గమనించారు. శ్వాస వేగం గురించి జర్మనీలో మ్యూనిక్ వైద్యులూ అలాంటిదే చూపించారు. కానీ అవి వందలమందిని ఈసీజీలతో పరీక్షించి, గుంపు మొత్తానికి చెప్పిన లెక్కలు. ఒక మనిషికి జాతకం రాసే లెక్కలు కావు. రోగి పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో చూడటానికి బ్రిటన్ ఆసుపత్రులు వాడే స్కోరులో 12 నుంచి 20 వరకు శ్వాసకు సున్నా మార్కులు, అంటే మామూలే. 21కి చేరితే 2, 25కి చేరితే 3.

అసలు చూడాల్సింది ఆయన మామూలు అంకె ఎంత, అది ఎప్పుడు మారింది అన్నది. మామయ్యగారికి కూర్చున్నప్పుడు 16, 17 ఉండేది. ఒక చలికాలం జ్వరం లేదు, దగ్గూ పెద్దగా లేదు, అన్నం సయించడం లేదన్నారు అంతే. లెక్కపెడితే 26. ఎక్స్‌రేలో న్యుమోనియా తేలింది. పెద్దవాళ్లకు జ్వరం రాకుండానే ఇలా కావచ్చని డాక్టర్ చెప్పారు.

లెక్కపెట్టేటప్పుడు ఆయనకు చెప్పకండి, చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, నిమిషం పాటు ఛాతీ కదలిక చూడండి. ఊరికే కూర్చున్నా 25 దాటితే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, తికమకగా మాట్లాడటం ఉంటే వెంటనే 108.

నాకైతే వేరియబిలిటీ కన్నా నాడి క్రమమే ముఖ్యమనిపిస్తుంది. అది అడ్డదిడ్డంగా కొట్టుకుంటే వాచ్ వేరియబిలిటీని ఎక్కువగానే చూపించొచ్చు, అది ఆరోగ్యం అనుకోకూడదు. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకునే జబ్బు) అయితే పక్షవాతం ముప్పు దాదాపు ఐదు రెట్లు. రక్తం గడ్డకట్టకుండా మందులున్నాయి కాబట్టి, నాడి తేడాగా అనిపిస్తే ఈ వారంలోనే ఒక ఈసీజీ తీయించండి.