ఒంటి మీద ఉన్నదే నీతో బయటికొస్తుంది

చిరంజీవి శ్రావణికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

ఈ జూన్ నుంచి నువ్వు అలాస్కాలో సాల్మన్ చేపల లెక్కకు వెళ్తున్నావని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. మనింటి పిల్ల వుడ్ రివర్ సరస్సుల్లో పరిశోధన చేస్తుందంటే ఛాతీ ఉప్పొంగింది. డిల్లింగ్‌హామ్ నుంచి క్యాంపు దాకా ఫ్లోట్ విమానాల్లో, అంటే చక్రాల బదులు తేలే డొల్లలతో నీళ్ల మీద దిగే చిన్న విమానాల్లో, తిరగాలని చెప్పగానే గుండెల్లో రాయి పడింది. వాటి మరమ్మతులే నా వృత్తి కదా, ఎక్కడ భయపడాలో ఎక్కడ అక్కర్లేదో తెలుసు. ఇంజన్ ఆగిపోతుందేమోనని నాకు బెంగ లేదు. చల్లటి నీళ్లలోంచి నువ్వు ఖాళీ చేతులతో బయటపడతావేమోనన్నదే నా బెంగ.

పెద్ద విమానం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ బూట్లు విప్పొద్దు. నీ సీటు నుంచి ముందు తలుపుకీ వెనక తలుపుకీ ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టుకో. పొగ నిండితే చేత్తో తడుముకుంటూ వెళ్లాల్సిందే. పాస్‌పోర్టు, ఫోను, మందులు జేబులో ఉంటే సంచి మీదకు మనసు పోదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో మండుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. సామాన్ల కోసం ఆగకపోవడం అందులో పెద్ద కారణం.

చిన్న విమానానికి వేసుకునే బట్టల విషయంలో మాత్రం నా మాట వినాలి. లెగ్గింగ్స్ వద్దు. నైలాన్, పాలియెస్టర్ 250 డిగ్రీల ప్రాంతంలో కరిగి చర్మానికి అంటుకుపోతాయి. జీన్స్ కూడా వద్దు, నూలు ఒకసారి తడిస్తే వెచ్చదనం ఇవ్వదు సరికదా ఒంట్లో ఉన్న వేడినీ లాగేస్తుంది. ఒంటికి ఆనుకుని మెరీనో ఉన్ని బనీను, ఉన్ని పొడుగు లోదుస్తు, ఉన్ని మేజోళ్లు. పైన ఉన్ని స్వెటర్, ఆ పైన జిప్ జేబులున్న వాన కోటు. కాళ్లకు తాడు బిగించే తోలు బూట్లు. ఉన్ని తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది, తొందరగా అంటుకోదు. చిన్నప్పుడు డిసెంబరు పొద్దున్నే అక్కయ్య స్వెటర్ వేస్తే వాకిలి దాటగానే విప్పి నడుముకు చుట్టుకునేదానివి. ఈసారి క్యాబిన్‌లో ఉక్కపోసినా విప్పొద్దు తల్లీ. జిప్ తీసుకో, చాలు.

చేపల పనివాళ్లు చేసే తప్పు ఇంకొకటుంది. దిగగానే ఏట్లోకి దిగాలి కదా అని వేడర్లు, అంటే ఛాతీ దాకా వచ్చే నీరు చొరని బూట్ల ప్యాంట్లు, తొడుక్కునే విమానం ఎక్కుతారు. విమానం నీళ్లలో తలకిందులైతే వేడర్లలో చిక్కిన గాలి కాళ్లను పైకి లాగుతుంది, ఆ తర్వాత నీళ్లు నిండి కదలనివ్వవు. వాటిని సామాన్లలో వెయ్యి. ఎలుగుబంట్లను తరిమే కారం స్ప్రే కూడా క్యాబిన్‌లో పెట్టొద్దు, ఫ్లోట్ అరలో పెట్టమని పైలట్‌కిచ్చెయ్. అది లోపల లీకయితే పైలట్‌కు కళ్లు కనపడవు.

లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే లేనట్టే, ఎక్కే ముందే తొడుక్కోవాలి. తాడు లాగితే గాలి నిండే రకమే కావాలి. నీళ్లు తగలగానే తనంతట తాను ఉబ్బే పడవల రకం కొనొద్దు. లోపలే ఉబ్బితే నిన్ను పైకి, అంటే తలకిందులైన విమానం నేలకు, అదిమిపెడుతుంది. 1996 నవంబరు 23న కొమొరోస్ దగ్గర సముద్రంలో దిగిన ఇథియోపియన్ విమానంలో చాలామంది లోపలే జాకెట్లు ఉబ్బించుకుని తలుపు దాకా మునగలేకపోయారు.

నీళ్లలో పడితే వరస ఇది. ముందుగా హెడ్‌ఫోన్ తీసెయ్, దాని తీగ మెడకు చుట్టుకుంటుంది. ఒక చెయ్యి తలుపు చట్రం మీద వేసి వదలకు. విమానం కదలిక ఆగనివ్వు. తలుపు తెరువు. నీళ్లు లోపల నిండేదాకా బయటి ఒత్తిడికి అది రాకపోవచ్చు, కంగారు పడకు. తెరిచాకే బెల్టు విప్పు. ముందే విప్పితే తేలిపోయి ఎటు పైనో ఎటు కిందో తెలియదు. చట్రం పట్టుకుని ఒంటిని లాక్కుంటూ బయటికి రా. బయటికొచ్చాకే జాకెట్ తాడు లాగు.

సెస్నా 206 అయితే ఇంకో మెలిక ఉంది. వెనక కూర్చున్నవాళ్లకు కుడివైపున్న రెండు రెక్కల తలుపే దారి. ఫ్లాప్స్, అంటే విమానం రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు, దించి ఉంటే తలుపు ముందు రెక్క వాటికి తగిలి బెత్తెడు మాత్రమే తెరుచుకుంటుంది. దాన్ని వీలైనంత తోసి, వెనక రెక్క అంచునున్న ఎర్ర మీటను ముందుకు తిప్పి, ఆ రెక్కను బలంగా నెట్టాలి. చీకట్లో, చన్నీళ్లలో, తలకిందులుగా ఉండి ఇది కొత్తగా నేర్చుకునే పని కాదు. ఒడ్డున ఉండగానే పైలట్‌ను అడిగి, ఫ్లాప్స్ దింపించి, నీ చేత్తో రెండుసార్లు తెరిచి చూడు. విసుక్కుంటే విసుక్కోనీ. ముందు సీటు ఖాళీగా ఉంటే అందులో కూర్చో.

ఇప్పుడు అసలు సంగతి. విమానంలో పెట్టిన పరికరం మనల్ని వెతికిపెడుతుందన్న నమ్మకం పాత తప్పు, ఇప్పటికీ చేస్తున్న తప్పు. 1972 అక్టోబరు 16న ఆంకరేజ్ నుంచి జూనోకు బయల్దేరిన సెస్నా 310లో హేల్ బాగ్స్, నిక్ బెగిచ్ అనే ఇద్దరు అమెరికా కాంగ్రెస్ సభ్యులు, వాళ్ల సహాయకుడు, పైలట్ ఉన్నారు. 39 రోజులు గాలించారు. ఇప్పటిదాకా ఆ విమానం ముక్క కూడా దొరకలేదు. పైలట్‌కు చేత్తో మోసుకుపోయే ప్రమాద సూచక ట్రాన్స్‌మిటర్ ఉండేది. అది ఫెయిర్‌బ్యాంక్స్‌లో వేరే విమానంలో దొరికింది! ఆ తర్వాతే అమెరికా అంతటా చాలా విమానాల్లో ఈఎల్‌టీ, అంటే విమానానికే బిగించే అలాంటి ట్రాన్స్‌మిటర్, తప్పనిసరి అయింది.

తప్పనిసరి చేశాక అయినా తీరిందా? 2010 ఆగస్టు 9న, నువ్వు వెళ్లే అలెక్నాగిక్ దగ్గరే, మాజీ సెనేటర్ టెడ్ స్టీవెన్స్ ఉన్న ఆటర్ విమానం కొండను గుద్దుకుంది. 9 మందిలో 5గురు పోయారు. ఈఎల్‌టీ ఉంది, దెబ్బకు మోగడం కూడా మొదలుపెట్టింది. కానీ బిగించిన ట్రేలోంచి ఊడిపోయి, యాంటెన్నా తీగ విడిపోయింది. ఒక్క సంకేతం కూడా ఎవరికీ అందలేదు. ఆ విమానం చేపల క్యాంపుకు చేరిందని అది బయల్దేరిన లాడ్జివాళ్లు అనుకున్నారు, క్యాంపువాళ్లు ఇంకా బయల్దేరలేదనుకున్నారు. భోజనానికి ఎప్పుడొస్తారని లాడ్జివాళ్లు సాయంత్రం వాకబు చేస్తేనే బయటపడింది. కాళ్లూ చేతులూ విరిగినవాళ్లు ఆ వానలో కొండ మీద రాత్రంతా గడిపారు.

అందుకని నీకు సొంత పీఎల్‌బీ, అంటే మనిషి ఒంటి మీదే ఉంచుకునే ప్రమాద సూచక ట్రాన్స్‌మిటర్, ఉండాలి. అరచేతిలో పట్టేది, 406 మెగాహెర్ట్జ్‌ది, జీపీఎస్ ఉన్నది. 121.5 మాత్రమే పలికే పాతవి ఎవరిచ్చినా తీసుకోకు, 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు వాటిని వినడం మానేశాయి. బ్యాటరీ గడువు తేదీ వెనక ముద్రించి ఉంటుంది, చూసి కొను. నెలనెలా చందా కట్టక్కర్లేదు. అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా (NOAA)లో ఉచితంగా రిజిస్టర్ చేసి, రెండేళ్లకోసారి వివరాలు సరిచూడాలి. బ్యాక్‌ప్యాక్‌లో కాదు, కోటు లోపలి జిప్ జేబులో, తాడుతో కట్టి. వాడేటప్పుడు యాంటెన్నా పూర్తిగా విప్పి ఆకాశం కనపడేచోట నిలబెట్టు, జీపీఎస్ భాగం మీద చెయ్యి ఉంచకు.

మిగతా జేబుల్లోకి: ఈల, చిన్న అద్దం, రెండు లైటర్లు, వ్యాస్‌లైన్ పట్టించిన దూది ఉండలు పది ప్లాస్టిక్ జిప్ కవరులో, మడిచిన రేకు దుప్పటి, తలకు తొడుక్కునే దోమల వల. నవ్వకు, అక్కడి జూన్ దోమలు మనిషిని నిలవనివ్వవు. కళ్లద్దాలకు వెనక తాడు కట్టు.

నీళ్లలో పడ్డాక మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, దాన్ని అదుపు చేసుకోవడమే అప్పటి పని. ఆ తర్వాత చేతులు మాట వినేది పది నిమిషాలు. స్పృహ తప్పడానికి గంట పడుతుంది. కాబట్టి ఒడ్డో ఫ్లోటో పది నిమిషాల్లో అందుకో. నేల మీద పడితే గాలి వచ్చే వైపుకు, దూరంగా పో. సెస్నా 206లో ట్యాంకులు నెత్తి మీది రెక్కల్లో ఉంటాయి, పెట్రోలు మీద కారుతుంది. ఆ బట్టలు ఆరేదాకా లైటర్ ముట్టుకోకు. వాసన పోయాక విమానం దగ్గరికే తిరిగొచ్చి సీటు మెత్తలు నేల మీద పరుచుకుని కూర్చో. నడిచి ఊరు వెతుక్కోవాలని మాత్రం బయల్దేరకు. పైనుంచి వెతికేవాళ్లకు మనిషి కన్నా విమానం ముందు కనపడుతుంది.

నీ బరువు, సామాను బరువు పైలట్‌కు ఉన్నదున్నట్టు చెప్పు. మబ్బు దిగి ఉంటే "ఇవాళ తప్పదండీ" అని ఎప్పుడూ అనకు. చేపలు రేపు కూడా ఉంటాయి, మీ ప్రొఫెసర్ ఏమన్నా నా పేరు చెప్పు. బయల్దేరే ప్రతిసారీ విమానం నంబరు, ఎక్కడికి, ఎన్నింటికి చేరాలి, ఎన్నింటికల్లా కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నవి క్యాంపులో ఒకరికీ, దిగేచోట ఒకరికీ రాసివ్వు. బోర్లాపడిన విమానంలోంచి బయటపడడం ఈత కొలనులో నేర్పే శిక్షణ ఉంటుంది, అందులో చేరు. ఖర్చు నాది.

పీఎల్‌బీ రేపే ఆర్డర్ చెయ్, రిజిస్ట్రేషన్‌కు టైము కావాలి. అత్యవసర ఫోన్ గడుల్లో మొదటిది క్యాంపు మేనేజరుది, రెండోది నాది రాయి. అమ్మది రాయకు, తను తెలియని నంబర్లు ఎత్తదు.

ఇట్లు,
మావయ్య